రాకండి, పాసవుతారు

మావాడు బీఈడీలో చేరాడని ఎవరైనా చెబితే వెంటనే వచ్చే ప్రశ్న ఒక్కటే: "అటెండింగా, నాన్-అటెండింగా?" ఈ రెండో రకం కోర్సు ఏ ప్రాస్పెక్టస్‌లోనూ కనిపించదు. కాలేజీ కౌంటర్లో మెల్లగా చెబుతారు. రేటు ఇంకా మెల్లగా చెబుతారు.

ఏడాది బీఈడీ చాలదని ఉపాధ్యాయ విద్యను నియంత్రించే ఎన్‌సీటీఈ 2014లో నిబంధనలు మార్చి రెండేళ్ళు చేసింది. తరగతులకు 80 శాతం, బడిలో ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి అంది. ఇలాంటి కాలేజీలు ఆ నిబంధనను తు.చ. తప్పకుండా పాటిస్తున్నాయి. హాజరు రిజిస్టరులో భద్రంగా ఉంది. మనిషి కూడా ఉండాలంటే ఆ ముక్క విడిగా రాయాల్సింది.

రికార్డుల సంగతి చూడాలి. రంగు అట్ట, ప్లాస్టిక్ కవరు, లోపల ముత్యాల్లాంటి అక్షరాలు. నలభై రికార్డుల్లోనూ అవే ముత్యాలు, ఎందుకంటే రాసిన చెయ్యి ఒక్కటే. సూక్ష్మబోధన అని ఒకటుంది: తోటి విద్యార్థులనే పిల్లలుగా కూర్చోబెట్టి కాసేపు పాఠం చెప్పాలి. చెప్పేవాడూ రాలేదు, వినేవాళ్ళూ రాలేదు. అయినా "విద్యార్థులు చురుకుగా స్పందించారు" అని పేజీ చివర ఉంటుంది, కింద సంతకం. మనస్తత్వవేత్త థార్న్‌డైక్ చెప్పిన సంసిద్ధత, అభ్యాస, ఫలిత నియమాలు మూడింట్లో మొదటి రెంటినీ ఎత్తేసి నేరుగా మూడోదానికి వెళ్ళవచ్చని కనిపెట్టిన ఘనత మనదే.

అలాగని కుర్రాణ్ణి సోమరి అనకండి. అవనిగడ్డ వెళ్ళి చూడండి. టీచర్ ఉద్యోగాల డీఎస్సీ కోచింగ్‌లో ముందు బెంచీ కోసం తెల్లారకముందే పుస్తకం పడేసి చోటు ఆపుకుంటాడు. ఆంధ్రలో 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ పరీక్ష జరిగింది 2025లో, 16,347 పోస్టులకు. ఏడేళ్ళు కాచుకున్నవాడికి ఏ తరగతి ఎగ్గొట్టాలో, ఏది ఎగ్గొట్టకూడదో బాగా తెలుసు.

మిగతా కోర్సులవాళ్ళు ఇంత అదృష్టవంతులు కారు. ఐసెట్ రాసి ఎంబీఏలో చేరినవాడు ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం యంత్రం ముందు వేలో ముఖమో పెట్టాలి. ఆ డబ్బు సర్కారు నుంచి రాకపోతే సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలోనే ఉంటాయి. నాయకత్వ లక్షణాల మీద అసైన్‌మెంటు రాసి, క్లర్కు ముందు చేతులు కట్టుకు నిలబడతాడు. ఎంఏ సోషియాలజీ వాళ్ళలో కొందరి దారి వేరు, వాళ్ళకు కావాల్సింది గ్రూప్స్‌కు చదువుకునే హాస్టల్ గది. సబ్జెక్టు ఆ గదికి కట్టే అద్దె.

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇంకో మెలిక పెట్టింది. ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు చెప్పడానికి బీఈడీ పనికిరాదు, డీఈడీ లాంటి చదువే కావాలి అంది. చిన్నపిల్లలకు చెప్పాలంటే ప్రత్యేక శిక్షణ అవసరమట. శిక్షణ అన్న మాట బీఈడీ సందర్భంలో వినపడి చాలాకాలమైంది కాబట్టి కొన్ని కాలేజీలు ఉలిక్కిపడ్డాయి.

ఇప్పుడు అంతకన్నా పెద్ద బెంగ వచ్చిపడింది. నాలుగేళ్ళ డిగ్రీ, లేదా పీజీ చేసినవాళ్ళకు ఏడాది బీఈడీ మళ్ళీ తెస్తామని ఎన్‌సీటీఈ 2025లో ముసాయిదా వదిలింది. రెండేళ్ళు రానందుకు ఒక రేటు కుదిరింది. ఏడాదే రాకపోతే సగమే ఇస్తామంటారేమోనని కరస్పాండెంటు గారికి నిద్ర పట్టడం లేదు.