తాతా మనవడూ సరే, మరి నా సంగతి?

సత్యనారాయణపురంలో రెండంతస్తుల ఇల్లు, కింద మేము, పైన అద్దెవాళ్ళు, ఇంటిపన్నూ కుళాయి పన్నూ కరెంటు బిల్లూ గడువు దాటకుండా కట్టే అలవాటు కలిగిన గృహస్థుణ్ణి నేను. ఇలాంటివాడికి ఆదివారం పూట సొంత హాల్లో కూర్చోవడానికి మోడా తప్ప గతిలేకపోవడం ఏ ధర్మశాస్త్రం ప్రకారం న్యాయమో పెద్దలు సెలవివ్వాలి.

ముద్దాయి పేరు ‘సీతారామయ్యగారి మనవరాలు’. క్రాంతికుమార్ దర్శకత్వంలో 1991 సంక్రాంతికి వచ్చింది. మానస గారి ‘నవ్వినా కన్నీళ్ళే’ నవల దానికి మూలం. హాళ్ళలో చూసి కళ్ళు తుడుచుకున్న తరం పింఛన్లు పుచ్చుకుంటున్నా, టీవీలో మాత్రం ఆ సినిమాకి రిటైర్మెంటు లేదు. సబ్బులూ మసాలాపొడులూ మోకాళ్ళ నూనెలూ మధ్యలో దూరి, మధ్యాహ్నం భోజనాలకి మొదలైంది దీపాలు పెట్టేవేళకి గానీ తేలదు.

మా నాన్నగారికి డెబ్బై ఎనిమిది. గుడివాడ వైపు మనిషి. ఆ పక్కనే రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారు ఆయన దృష్టిలో నటుడు కాదు, దగ్గర చుట్టం. తెరమీద ఆయన పేరు పడగానే టీవీ మ్యూట్ చేయించి మరీ కథ మొదలెడతారు: బెజవాడ స్టేషన్లో ఘంటసాల బలరామయ్య గారి కంట ఆ కుర్రాడు ఎలా పడ్డాడో, 1944లో ‘సీతారామ జననం’లో రాముడు ఎలా అయ్యాడో, గుడివాడ కాలేజీకి ఆయన పేరు ఎందుకుందో. ఇవన్నీ నాకు ఎక్కాల కన్నా బాగా వచ్చు. ఇంట్లో ఎవరూ వినకపోతే ఆయనే కాసేపటికి ఊరుకునేవారు. ఇల్లు అలా ప్రశాంతంగా నడిచిపోయేది.

ఇంతలో పైవాటా కుర్రాడు దిగబడ్డాడు. ఇంటర్మీడియెట్, ఎంపీసీ. ఈ ఊళ్ళో ఆ చదువంటే తెల్లవారుజామున స్టడీ అవర్లతో మొదలై, రాత్రి స్టడీ అవర్లతో ముగిసే ఒక రకం కారాగారవాసం. ఓ ఆదివారం కరెంటు పోతే, మా ఇన్వర్టర్‌కి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంటానని వచ్చాడు. టీవీలో ముద్దాయి నడుస్తోంది. నాన్నగారు మ్యూట్ నొక్కారు, వాడు విన్నాడు. విని ఊరుకున్నాడా, “తర్వాత ఏమైంది తాతగారూ?” అన్నాడు. ఆ ఒక్క ముక్కతో నా కొంప మునిగింది.

అప్పట్నుంచీ రిమోట్ వాళ్ళిద్దరి ఉమ్మడి ఆస్తి. పాలిథిన్ కవరు తొడిగి రబ్బరుబ్యాండు చుట్టి ఇన్నేళ్ళూ పసిపాపలా కాపాడుకొచ్చిన రిమోట్ అది. బటన్లు సరిగ్గా కనపడటం లేదని కవరు పీకి పారేశారు. వాడు నాన్నగారికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టడం నేర్పాడు. ఇప్పుడు వంటింట్లో ఉన్న మా ఆవిడకి పడక్కుర్చీలోంచి “అమ్మాయ్, కాఫీ” అని ఫోన్లో వస్తుంది. ప్రతిఫలంగా ఆయన వాడికి నూజివీడు చిన్నరసం తినడం నేర్పారు. ముక్కలు కోసి ఫోర్కుతో తినే పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, పండుని అరచేతుల మధ్య మెత్తగా పిసికించి, ముచ్చిక తీయించి, మొదటి చుక్క సొన పిండి పారబోయించి, అప్పుడు నోటికి పెట్టించారు. రసం మోచేతుల దాకా కారింది, అక్కణ్ణుంచి నా సోఫా మీదికి కారింది. ఇద్దరూ నవ్వారు. కవరు ఉతకడానికి వెళ్ళింది, నేను మోడా ఎక్కాను.

ఇక నా అసలు ఫిర్యాదు. ఈ తాతా మనవల సినిమాలన్నిటిలోనూ మధ్యతరాన్ని ఏం చేస్తున్నారో గమనించారా? సీతారామయ్య గారు కొడుకుతో మాటలు మానేస్తారు. మనవరాలు అమెరికా నుంచి వచ్చి ఇల్లంతా వెలుగు నింపుతుంది. కొడుకో? చచ్చిపోతాడు పాపం, ఆ సంగతి కూడా పిల్ల కడుపులో దాచుకుంటుంది. మీనా, నాగేశ్వరరావు గారూ ఒకరినొకరు చూసుకుంటుంటే మనం ఏడవాలి. 2017 సంక్రాంతికి ‘శతమానం భవతి’ వచ్చింది, జాతీయ అవార్డు కూడా కొట్టింది. అందులో తల్లిదండ్రుల్ని వదిలి విదేశాల్లో కూర్చున్న దోషులెవరు? మళ్ళీ మా వయసువాళ్ళే. 2019లో నందినీరెడ్డి గారి ‘ఓ బేబీ’లో ముసలావిడ పడుచుదై మనవడి బ్యాండులో పాటలు పాడుతుంటే, కొడుకు రావు రమేష్ గారు తల్లికీ భార్యకీ మధ్య అడకత్తెరలో పోకచెక్క. అసలు కథ కొరియాది. అంటే ఈ అన్యాయం అంతర్జాతీయం. ఏ దేశంలోనైనా తాతకి ప్రేమ, మనవడికి పాట, మధ్యవాడికి ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోసే పాత్ర.

వ్యవహారం ఇక్కడితో ఆగితే గుటక మింగి ఊరుకునేవాణ్ణి. పైవాటా అగ్రిమెంటు పదకొండు నెలలది, అయిపోవచ్చింది. వీధిలో అందరూ పెంచారు, నేనూ వెయ్యి పెంచుదామనుకున్నాను. నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టి, “ఆ పిల్లాడి చదువయ్యేదాకా అద్దె ఊసెత్తకురా” అన్నారు. అద్దె ఇచ్చే ఆయన మెట్లమీద ఎదురైనప్పుడల్లా ఇదివరకు తల దించుకుని పోయేవాడు. ఇప్పుడు నిలబడి, “నాన్నగారు బాగున్నారాండీ?” అని నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఖరీదు నెలకి వెయ్యి.

అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. మొన్న శుక్రవారం ఇంద్రకీలాద్రి మెట్లెక్కి అమ్మవారికి మొక్కుకున్నాను: తల్లీ, మా పైవాటా పిల్లాడికి మంచి ర్యాంకు రావాలి, ఐఐటీ సీటు రావాలి, అది ఖరగ్‌పూర్‌లోనే రావాలి. వాణ్ణి కన్నవాళ్ళు కూడా అంత భక్తిగా మొక్కి ఉండరు.

ప్రసాదం పట్టుకుని ఇంటికొచ్చేసరికి కుర్రాడు ఫోన్లో రైళ్ళు వెతుకుతున్నాడు. నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని నావైపు తిరిగారు.

“ఒరేయ్, కోరమండల్ ఖరగ్‌పూర్‌లో ఆగుతుందట. ముసలాళ్ళకి టిక్కెట్లో రాయితీ మళ్ళీ పెట్టారా, లేకపోతే మొత్తం నువ్వే పెట్టుకోవాలా?”