శాలువాకు దగ్గరి దారి

సెప్టెంబరు వచ్చిందంటే ఇంజనీరింగ్ కాలేజీల్లో శాలువాల సీజన్ మొదలైనట్టే. 5న ఉపాధ్యాయ దినోత్సవం, 15న ఇంజనీర్స్ డే, ఆ వెనకే టెక్ ఫెస్టులు, ప్రాజెక్ట్ ఎక్స్‌పోలు, స్నాతకోత్సవం. వీటన్నిటికీ మెమెంటోలు కావాలి, మెమెంటోలు అందుకోవడానికి మనుషులు కావాలి. ఆ మనుషుల్లో మీరూ ఒకరు కావాలనుకుంటే ముందుగా ఒక జాగ్రత్త తీసుకోండి. ఇంజనీర్స్ డే నాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఫొటోకు దండ వేయండి, కానీ ఆయన దారిన మాత్రం నడవకండి. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచాక ఆయన ఇచ్చిన సలహాల ఫలితంగా ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అలాంటి పని బాగా చేశారో లేదో తేలాలంటే మళ్లీ పెద్ద వాన రావాలి. అంతకాలం ఆగే అవార్డు కమిటీ ఏ కాలేజీలోనూ లేదు. మీ పని ఈ సాయంత్రం సభ ముగిసేలోపు కనబడాలి. అవార్డులిచ్చేది కనబడే పనికి. చదువు నడిచేది మాత్రం ఎక్కువగా కనబడని పని మీద. ఈ తేడా ఒంటబట్టినవాళ్లకు మిగతాదంతా సులువు.

విద్యార్థులైతే గోల్డ్ మెడల్‌తో మొదలుపెట్టండి. ఐఐటీల్లో పట్టా పుచ్చుకునే బీటెక్ బ్యాచ్‌లో అందరికంటే ఎక్కువ సీజీపీఏ ఉన్నవారికి రాష్ట్రపతి స్వర్ణ పతకం ఇస్తారు. మన యూనివర్సిటీల్లో దాతల పేరిట ఇచ్చే పతకాల్లోనూ చాలావాటికి లెక్క ఇదే. పై వరుసలో పోటీ తేలేది దశాంశ స్థానాల్లో కాబట్టి కుతూహలం ఖరీదైన అలవాటని గ్రహించండి. ఎలక్టివ్ ఎంచుకునేటప్పుడు సీనియర్లను ‘అందులో ఏం చెబుతారు?’ అని అడగకండి, ‘పేపర్లు ఎవరు దిద్దుతారు?’ అని అడగండి. కష్టమైన సబ్జెక్టు తీసుకుని ఏడు పాయింట్లతో బయటపడి అందులో ప్రాణం పెట్టి నేర్చుకున్నవాడి పేరు స్నాతకోత్సవం వేదిక మీద వినబడదు. పతకం వద్దు, కప్పు కావాలంటే హ్యాకథాన్లున్నాయి. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో సాఫ్ట్‌వేర్ విభాగం ఫైనల్ 36 గంటలు సాగుతుంది. జట్టుకు ఆరుగురు, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండి తీరాలి. నిబంధన మంచిదే కనుక దాన్ని అక్షరాలా పాటించండి. గడువుకు ముందురోజు రాత్రి ఒక పేరు సంపాదించండి, స్లైడ్లన్నీ ఆ అమ్మాయి చేత చేయించండి, జడ్జీల ముందు మీరు మాట్లాడండి. మీరు చేసిన వస్తువు వేదిక మీద పది నిమిషాలు పనిచేస్తే చాలు. పదకొండో నిమిషం సంగతి అడిగే కాలమ్ ఏ మార్కుల షీటులోనూ ఉండదు.

ఇందులో తప్పంతా మీదే అనుకుని కుంగిపోకండి, కాలేజీకీ కప్పులు అవసరమే. కాలేజీలను మదింపు చేసే న్యాక్ కోసం అవి ఏళ్ల తరబడి నింపుతూ వచ్చిన స్వీయ అధ్యయన నివేదికలో ఒక గడి ఉంది. క్రీడల్లో, సాంస్కృతిక పోటీల్లో గడిచిన ఐదేళ్లలో విద్యార్థులకు ఎన్ని అవార్డులు, ఎన్ని పతకాలు వచ్చాయో అంకె వేయమంటుంది. జట్టుకు వచ్చినదాన్ని ఒక్కటిగానే లెక్కించాలని అందులోనే రాసి ఉంటుంది. కాబట్టి పదకొండు మంది చెమటోడ్చి తెచ్చిన క్రికెట్ కప్పు కంటే, విడివిడిగా ముగ్గురు తెచ్చిన ముగ్గుల పోటీ బహుమతులే ఆ ఫైలుకు మూడింతలు విలువైనవి. కలిసి పనిచేయడం ఇంజనీరుకు ప్రాణమని మొదటి సంవత్సరం ఓరియెంటేషన్‌లో చెప్పేదీ ఈ కాలేజీయే.

ఇక టీచింగ్ అసిస్టెంట్లు, అంటే టీఏలు. మన ప్రైవేటు కాలేజీల్లో ఈ మాట అంతగా వినబడదు, ఆ పనంతా ల్యాబ్ అసిస్టెంట్ల మీదా జూనియర్ లెక్చరర్ల మీదా పడుతుంది. ఐఐటీలు, ఎన్‌ఐటీల వంటి చోట్ల గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఉంటుంది, అందుకు బదులుగా వారానికి 8 గంటలు డిపార్ట్‌మెంట్ పని చేయాలి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బీటెక్ సీనియర్లే జూనియర్లకు టీఏలుగా కూర్చుంటారు. ‘ఉత్తమ టీఏ’ అనిపించుకోవాలంటే ముందు ఆ గంటల్ని సరిగ్గా పంచుకోవాలి. ల్యాబులో రీడింగులు ముందే వండి తెచ్చినవాడిని పట్టుకుని మళ్లీ సర్క్యూట్ కట్టించడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాల్లో బ్యాచ్ మొత్తం రికార్డుల మీద సంతకాలు పెట్టేయొచ్చు. మొదటి పనికి కుర్రాడి మొహం ముడుచుకుంటుంది, రెండో పనికి ముప్పై మొహాలు వికసిస్తాయి. సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్ ఫారం నింపేది ఆ మొహాలే. ఎవరి సర్క్యూట్ ఎందుకు పనిచేయలేదో కనిపెట్టడంలో మీరెంత ఘటికులైనా, ఆ విద్య కోసం ఫారంలో గడి లేదు. ‘సమయానికి వచ్చారా’, ‘స్నేహంగా ఉన్నారా’ అనే గడులు మాత్రం ఖాయం.

ఇది నిష్ఠూరం కాదు, పరిశోధకులు తేల్చిన సంగతే. 1970లో అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక నటుడికి ‘డాక్టర్ ఫాక్స్’ అని పేరు పెట్టి, వైద్య విద్యలో గేమ్ థియరీ అనే విషయం మీద ఉపన్యాసం ఇప్పించారు. అతనికి ఆ విషయం తెలియదు. ఉపన్యాసం నిండా పొంతన లేని మాటలు, కల్పిత పదాలు, దండిగా జోకులు. విన్నవాళ్లు మానసిక వైద్యులు, చదువు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లు, అయినా మంచి మార్కులే వేశారు. 1973లో అచ్చయిన ఆ ఫలితాన్ని ‘డాక్టర్ ఫాక్స్ ప్రభావం’ అంటున్నారు. ఒక్క ఉపన్యాసంతో ఏం తేలుతుందనేవారి కోసం ఇంకా గట్టి సాక్ష్యం ఉంది. అమెరికా వైమానిక దళ అకాడమీలో ఏ విద్యార్థికి ఏ అధ్యాపకుడన్నది యాదృచ్ఛికంగా కేటాయిస్తారు, పరీక్ష అందరికీ ఒక్కటే. అక్కడ 10 వేల మందికి పైగా విద్యార్థుల రికార్డులను కారెల్, వెస్ట్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. కాలిక్యులస్ మొదటి కోర్సులో మార్కులు బాగా తెప్పించిన అధ్యాపకులకే విద్యార్థులు మంచి ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు. తీరా దాని మీద ఆధారపడిన తర్వాతి కోర్సులకు వెళ్లాక ఆ విద్యార్థులే వెనకబడ్డారు. మొదట్లో అంతగా నచ్చని అనుభవజ్ఞుల దగ్గర చదివినవాళ్లు ముందుకెళ్లారు. కాబట్టి అవార్డు ఆశించే టీఏకు సలహా ఏమిటంటే, వచ్చే సెమిస్టర్ మీది కాదు. మీ విద్యార్థి థర్మోడైనమిక్స్‌లో ఎక్కడ తప్పాడో హీట్ ట్రాన్స్‌ఫర్ చెప్పేవాళ్లకు తెలుస్తుంది. అప్పటికి మీ మెమెంటో షోకేసులో ఉంటుంది.

‘రానివాళ్లకు అందని ద్రాక్ష పుల్లన, అంతేగా’ అనేవాళ్లు ఉంటారు. వచ్చినవాళ్లందరూ దొంగలని ఇక్కడెవరూ అనడం లేదు. నిజంగా పనిచేసినవాళ్లకూ అవార్డులొస్తాయి, కానీ పనికీ అవార్డుకూ మధ్య ముడి అంత వదులుగా ఉన్నప్పుడు రెండూ ఒకరి దగ్గరే చేరడం ఒట్టి అదృష్టం. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. ఒక చిన్న కాగితం ముక్క కుర్రవాళ్లకు ఎంత ఊపునిస్తుందో తెలియదా, దాన్నీ ఎగతాళి చేయాలా? ఊపునిచ్చే మాట నిజమే, అందుకూ ఆధారాలున్నాయి. జర్మన్ వికీపీడియాలో కొత్తగా రాయడం మొదలుపెట్టిన కొందరికి డబ్బు లేని ఉత్త గుర్తింపు ఇస్తే, తర్వాతి నెలలోనూ రాస్తూ ఉన్నవారి సంఖ్య 20 శాతం పెరిగిందని యానా గాలుస్ 2017లో ప్రచురించిన అధ్యయనం చెబుతోంది. అదే గాలుస్ ఇతర పరిశోధకులతో కలిసి కాలిఫోర్నియా బడుల్లో 15 వేల మందికి పైగా పిల్లల మీద చేసిన మరో ప్రయోగం సంగతి వేరు. ఒక్కరోజూ మానకుండా బడికి వచ్చినందుకు చెప్పాపెట్టకుండా అవార్డు అందుకున్న పిల్లలు ఆ తర్వాత మానడం పెంచారు. తోటివాళ్లకంటే, బడి కోరిన దానికంటే మనమే ఎక్కువ వచ్చేశాం కాబోలన్న సంకేతం వాళ్లకు అందిందని పరిశోధకుల వివరణ. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, గుర్తింపు పనిచేసేది ‘నువ్వు చేసిన ఫలానా పని చూశాం, అది మాకు కావాలి’ అని చెప్పగలిగినప్పుడే. డిపార్ట్‌మెంట్‌కు ఇద్దరి చొప్పున పేర్లు సాయంత్రంలోగా పంపండి అని సర్క్యులర్ వేసి ఇచ్చే అవార్డు ఆ మాట చెప్పలేదు, ఎందుకంటే ఆ పని ఎవరూ చూడలేదు.

యాజమాన్యాలకూ ఒక సలహా బాకీ ఉంది. సర్టిఫికెట్ ఉపకార వేతనం కంటే చవక, సమయానికి ఇవ్వండి. ఆలస్యమైతే ఏమవుతుందో 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చూసింది. టీఏలు, పరిశోధకులు కలిసి దాదాపు 48 వేల మంది సమ్మెకు దిగారు, వాళ్లు అడిగింది శాలువాలు కాదు, అద్దె కట్టుకోగలిగే జీతం. అమెరికాలో ఎంఎస్ చదివే మన పిల్లలకైతే ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు, టీఏ దొరికిందంటే వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఫీజు మాఫీయే. ఇక ఏ కమిటీ కరుణించనివాళ్లకు ఆఖరి దారి ఈమెయిల్‌లోనే ఉంది. ‘అభినందనలు, మీరు ఉత్తమ యువ పరిశోధకులుగా ఎంపికయ్యారు’ అని మొదలై, రిజిస్ట్రేషన్ ఫీజు ఎంతో చెప్పి ముగిసే ఉత్తరాలవి. ఫీజు కట్టినవాళ్లకు బహుమతి వచ్చి తీరుతుంది. ఆ నిజాయితీ మిగతా అవార్డులకు లేదు.

కమిటీలో కూర్చునే పెద్దలకు మాత్రం వ్యంగ్యం పక్కనపెట్టి ఒక మనవి. ఈ ఏడాది ఉత్తమ టీఏ పేరు ఈ ఏడాది ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో వెతక్కండి. నిరుడు ఆ ల్యాబు చేసి ఇప్పుడు పై కోర్సులో ఉన్న విద్యార్థులను పిలిచి, అప్పుడు నేర్చుకున్నది ఇప్పుడు అక్కరకొస్తోందా, అది ఎవరు నేర్పారు అని అడగండి. ఆ ల్యాబులో రోజూ ఉండే టెక్నీషియన్‌నూ ఒక మాట అడగండి. దీనికి ఒక మధ్యాహ్నం చాలు, అవార్డు ఒక ఏడాది ఆలస్యమైతే కావచ్చు.