సమీక్షక వాక్య సంజీవని

మూలం: "వ్యాసము బాగున్నది. అయినను మూలములు చాలవు. నౌక పొడవును మీటర్లలో నీయవలెను. 1943-48 నడుమ గీత పొట్టిగా నున్నది, దానిని పొడిగింపవలెను. శ్రమకు అభినందనలు."

అవతారిక: విజ్ఞాన సర్వస్వంలో చేరిన వ్యాసానికి మేలైన హోదా ఇచ్చే ముందు, అటువంటి వ్యాసాలే రాసే తోటివారు దాన్ని చదివి లోపాలు చెప్పడాన్ని తోటివారి సమీక్ష అంటారు. పై వాక్యపంచకం ఏ ఒక్క సమీక్షకుడి రచనా కాదు. ఏ వ్యాసం కిందనైనా దాదాపు ఇదే పాఠంతో, ఇదే స్వరంతో వినిపిస్తున్నందువల్ల దీన్ని అపౌరుషేయమనే భావించి వ్యాఖ్యానించవలసి ఉంది. సమీక్షకు వచ్చిన వ్యాసం రెండవ ప్రపంచ యుద్ధకాలపు 'గోదావరి' అనే స్లూపును గురించినది. స్లూపు అంటే సరుకు ఓడల బారుకు కాపలాగా వెళ్ళి, జలాంతర్గాములనూ విమానాలనూ ఎదుర్కొనే చిన్న యుద్ధనౌక.

గ్రంథారంభంలోనే విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ తేలాలని పూర్వులు నియమం పెట్టారు. అధికారి అంటే ఇక్కడ ఉద్యోగి కాడు, ఆ గ్రంథం ఎవరి కోసం పుట్టిందో ఆ పాఠకుడు. మూలంలో ఆ ఊసు లేదు కనుక అధ్యాహారం చేసుకోవాలి, అంటే చెప్పని మాటను సందర్భాన్ని బట్టి తెచ్చుకోవాలి. పుంగనూరు, పలమనేరుల చెంత ఉన్న పెద్దపంజాణిలో హైస్కూలు చదువుతూ, సముద్రాన్ని బొమ్మలోనే చూసి, గోదావరి పేరుతో యుద్ధనౌక ఒకటి ఉండేదట, అది ఏం చేసింది అని అడిగే విద్యార్థిని ఈ వ్యాసానికి అధికారిణిగా నిర్ణయించడమైనది.

'వ్యాసము బాగున్నది': స్పష్టం.

'అయినను': ముందున్న స్తుతిని రద్దు చేసే అవ్యయం. సమీక్షా వాఙ్మయంలో మొదటి వాక్యం దీన్ని మోయడానికే పుడుతుంది.

'మూలములు చాలవు': మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథ సూరి, కాళిదాస కావ్యాలకు సంజీవని వ్యాఖ్య మొదలుపెడుతూ, ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ రెండు ప్రతిజ్ఞలు చేశాడు. సమీక్షకులు మొదటి ప్రతిజ్ఞను ఆయన కంటే గట్టిగా పట్టుకున్నారు. రెండవది వారి ప్రతిలో లుప్తమై ఉండాలి. పోనీ, ఎన్ని ఉంటే చాలునో చెప్పారా అంటే అదీ లేదు. బ్రిటిష్ నౌకాదళ చరిత్ర చూపితే తెలుగు మూలం కావాలంటారు, తెలుగు పత్రిక చూపితే ప్రామాణికం కాదంటారు. ఓడల మీద తెలుగులో పుస్తకాలు ఎందుకు లేవో అడిగేవారు మాత్రం కనబడరు. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకుని, 1923లో 46 ఏళ్ళకే కన్నుమూసేనాటికి వెలువడిన మూడు సంపుటాలూ 'అ'కారం దాటలేదు. 'ఓడ' దాకా రావాలంటే ఇంకా ఎన్ని అచ్చులు గడవాలో అక్షరమాల తెలిసినవారు లెక్క వేసుకోవచ్చు. ఆ మహాకార్యానికి చాలనిది ఆయుష్షు. ఈనాడు ఆయుష్షున్న రచయిత ఒకరు పూనుకుని, ఎకాయెకి 'గోదావరి' దగ్గరికే వస్తే, ఎదురుగా వినబడే మాట ఇది.

'మీటర్లలో నీయవలెను': వ్యాసకర్త 299 అడుగుల 6 అంగుళాలని రాశాడు. అది 91.29 మీటర్లు అవుతుంది. వెయ్యి అడుగుల బోరు వేసినా నీరు పడని సీమలో అడుగు అంటే ఎంతో పసిపిల్లలకు కూడా తెలుసు. అక్కడ ఒక్కొక్క అడుగుకూ బోరు లారీవాడు డబ్బు లెక్కగడతాడు. మీటర్లు కూడా ఇస్తే నష్టం లేదు, దశాంశ బిందువు తరువాత రెండంకెలూ ఇవ్వవచ్చు. కాని, అంత పొడవున్న ఓడను 'చిన్నది' అని ఎందుకన్నారో అధికారిణికి తప్పక కలిగే సందేహం సమీక్షకుడికి కలగలేదు. ఆ కాలపు పెద్ద యుద్ధనౌకలు ముప్పై వేల టన్నులు మించి నీటిని తొలగిస్తే, ఇది తొలగించింది సుమారు 1,300 టన్నులే. ఓడ బరువును అది పక్కకు నెట్టే నీటి బరువుతో కొలవడం నావికుల పద్ధతి.

'గీత పొట్టిగా నున్నది': సంవత్సరాల నడుమ పెట్టే అడ్డగీతను గురించిన ఈ మాట మూలానికి హృదయస్థానం కనుక విస్తరించక తప్పదు. 1943కూ 48కీ నడుమ ఉన్న ఆ గీతలో గోదావరి పేరుతో ఆ ఓడ గడిపిన జీవితమంతా ఉంది. బ్లాక్ స్వాన్ తరగతికి చెందిన ఈ స్లూపును ఇంగ్లండులో థార్నిక్రాఫ్ట్ సంస్థ కట్టింది. ఆరు నాలుగంగుళాల ఫిరంగులతో 1943లో రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దీవుల దగ్గర జర్మన్ జలాంతర్గామి యు-198ని బ్రిటిష్ ఓడ ఫిండ్‌హార్న్, గోదావరి కలిసి ముంచాయి. అందులో ఉన్న 66 మందిలో ఒక్కరూ మిగలలేదు. తరువాత దేశవిభజన వచ్చింది. నదుల పేర్లున్న ఆరు బ్లాక్ స్వాన్ స్లూపుల్లో సట్లెజ్, జమున, కృష్ణా, కావేరి భారత్‌కు మిగిలాయి. నర్మద, గోదావరి పాకిస్తాన్ వాటాకు పోయాయి. నర్మద జీలం అయింది, గోదావరి 1948లో సింధ్ అయింది. పారుతూ పోయి పాకిస్తాన్‌లో చేరే సట్లెజ్ ఇక్కడ ఉండిపోయింది; త్ర్యంబకంలో పుట్టి అంతర్వేది దాకా ఆ దిక్కుకే తిరగని గోదావరి మాత్రం కరాచీ చేరింది. పంచినవారు ఓడలను లెక్కపెట్టారే కాని పటం విప్పలేదు. కావేరి 1961 డిసెంబరులో గోవా దగ్గర పోర్చుగీసు స్లూపు అఫోన్సో ద అల్బుకెర్క్ మీద జరిగిన పోరులో పాల్గొన్నది. గోదావరి పేరు 1983 డిసెంబరు 10న, మజగాఁవ్ రేవులో కట్టిన మరొక ఓడతో, ఈసారి ఫ్రిగేటు అనే తరహా యుద్ధనౌకగా, తిరిగి వచ్చి 2015 దాకా సముద్రం మీద నిలిచింది.

ఇదంతా ఆ గీతలోని సంగతీ, దాని వెంట వచ్చిన సంగతీ. సమీక్షకుడు చూసింది దాని పొడవును.

పూర్వపక్షం: చిహ్నాల విషయంలో అశ్రద్ధ చూపితే రేపు సంవత్సరాల విషయంలోనూ చూపరా అని ఆక్షేపణ. సిద్ధాంతం: చూపవచ్చు, అందుకే సమీక్ష కావాలి. వ్యాసంలో యు-198ని గోదావరి ఒక్కటే ముంచినట్టు రాసి, ఫిండ్‌హార్న్ పేరే ఎత్తలేదు. అది ఉన్న తప్పు, పాఠకురాలు నమ్మి పరీక్షలో రాసే తప్పు. పొట్టి గీతను పట్టిన కన్ను, అదే పుటలో మాయమైన ఓడను పట్టలేదు.

'పొడిగింపవలెను': కర్త లోపించింది. ఎవరు పొడిగించాలో చెప్పలేదు. ఆ వ్యాసాన్ని దిద్దే హక్కు సమీక్షకుడికీ ఉంది, గీతను పొడిగించడానికి ఒక మీట నొక్కితే చాలు, ఈ వాక్యానికి యాభైకి పైగా నొక్కవలసి వచ్చింది.

'శ్రమకు అభినందనలు': ఎవరి శ్రమకు అన్న విషయంలో పాఠకులలో భేదాభిప్రాయం ఉంది. రచయిత శ్రమకని కొందరు, గీతను కనిపెట్టిన శ్రమకని కొందరు. రచయిత రెండవ అర్థాన్నే గ్రహించినట్టు తోస్తుంది; తరువాత రాయదలచిన కృష్ణా, కావేరి వ్యాసాలను మొదలుపెట్టకుండానే ఆయన సెలవు తీసుకున్నాడు.