సర్వేకు పోయేవారికి సులభమైన చిట్కాలు

ట్యాబ్ చేతబట్టుకుని ఇంటింటి సర్వేకు అహోబిలం బయలుదేరుతున్నారా? చెమట పట్టకుండా పని ముగించే ఉపాయాలు ఇవిగో.

1. వీధి చూసి దిగండి. దిగువ అహోబిలంలో గుడి, మఠం, సత్రాల చుట్టూనే తిరగండి. అక్కడ అంగళ్ల వాళ్లు ఎప్పుడూ ఉంటారు, అడిగినదానికల్లా చెబుతారు, మజ్జిగ కూడా ఇస్తారు. చెంచు గూడేల జోలికి మాత్రం పోవద్దు. తేనెకో బంకకో అడవికి పోయిన మనిషి ఎప్పుడొస్తాడో నల్లమలకే తెలియాలి.

2. పొద్దున పదకొండుకు తలుపు తట్టండి. కూలికి పోయేవాళ్లు అప్పటికే పోయి ఉంటారు. అరుగు మీది ముసలివాళ్లను అడిగి, ఈ ఊళ్లో పనిచేసే ఈడువాళ్లే లేరని నిశ్చింతగా రాసుకోవచ్చు.

3. తాళం కనిపిస్తే సంతోషించండి. జాతీయ నమూనా సర్వేలో, ఎంపికైన ఇల్లు దొరక్కపోతే బదులు ఇల్లు తీసుకునే వీలుంది. కారణానికి ఒక అంకె వేస్తే చాలు: తీరిక లేకుంటే 1, ఊళ్లో లేకుంటే 2, సహకరించకుంటే 3. మీరు 2 వేసి, తలుపు తీసున్న పక్కింట్లోకి నడవండి. ‘యాడికి పోయినారు?’ అని మాత్రం అడగొద్దు. కోసిగి, మంత్రాలయం వైపు అయితే ‘సుగ్గికి పోయినారు సార్. మిరక్కాయలు కోసేకి, గుంటూరు తట్టు’ అంటారు. ఆ మాట విన్నారంటే లెక్క చిక్కులో పడుతుంది. కాలువ కింద మడి ఉన్నవాళ్ల తలుపులు తీసే ఉంటాయి. వానను నమ్ముకున్నవాళ్ల ఇళ్లకే తాళాలు పడతాయి. మొదటివాళ్లను రాసి రెండోవాళ్లను వదిలేస్తే కరువు, వలస రెండూ కాగితం మీద మాయమవుతాయి. నివేదిక ఎంత చల్లగా ఉంటుందో!

4. ఆర్నెల్ల లోపు పోయొచ్చేవాళ్లను పట్టించుకోవద్దు. 2007-08లో జాతీయ నమూనా సర్వే పనిగట్టుకుని, నెల దాటి ఆర్నెల్ల లోపు పనికోసం ఊరు విడిచినవాళ్లెవరని అడిగింది. మీకెందుకంత చాదస్తం?

5. అంతా ఒక్కరోజులో ముగించండి. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే ఒక్కరోజే జరిగినప్పుడు, లెక్కలో పడాలని సొంతూళ్లకు పోయేవాళ్లతో బస్సులు, రైళ్లు కిక్కిరిశాయి. జనమే ఛార్జీలు పెట్టుకుని మీ దగ్గరికి వస్తారు. ఛార్జీలు లేక రానివాళ్లను లేనట్టే లెక్కించండి.

6. అహోబిలం పారువేట ఉత్సవం చూసి మాత్రం నేర్చుకోవద్దు. చెంచుల అల్లుడైన అక్కడి నరసింహస్వామి కనుమ నాడు పల్లకి ఎక్కి, దాదాపు నలభై రోజులు పల్లెపల్లెకూ పోయి తన పెళ్లికి పిలుస్తాడు. ఎప్పుడొస్తాడో ఊరికి ముందే తెలుసు కాబట్టి జనం ఎదురుచూస్తారు. మీరు చెప్పాపెట్టకుండా పోండి. ఒక్కసారే పోండి.

ఈ చిట్కాలు నచ్చనివారికి ఒక మనవి. 2011లో జనగణన ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగింది. 2027లోనూ ఫిబ్రవరికే పెట్టారు. అది మిరప కోతల కాలం. ఆ రోజులన్నీ ఇంటికి దూరంగా ఉన్నవారిని, ఉన్నచోటే రాసుకోవాలన్నది జనగణన నియమం. మీకు తెలిసిన కుటుంబం సుగ్గికి పోయి ఉంటే ఫోన్ చేసి చెప్పండి: చేను గట్టు మీది గుడిసె దగ్గరే పేర్లు రాయించుకోమని.