కాలు అతికింది... కాగితం అతకలేదు!

ప్రొద్దుటూరులో బండి మీంచి పడినా, జమ్మలమడుగులో పడినా, పులివెందులలో పడినా చెవిన పడే మాట ఒకటే: ‘‘ఇది ఎంఎల్‌సీ కేసబ్బా!’’ అంటే మెడికో లీగల్ కేసు, పోలీసులకూ చెప్పాల్సిన గాయం అని.

ముందు ప్రాణం, తర్వాతే పోలీసు లాంఛనాలు అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చేసింది. ఆ కేసుకు మూలమైన ఘటనలో కారు గుద్దిన స్కూటరిస్టును ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇలాంటి కేసులు చూసేది 20 కిలోమీటర్ల అవతల అన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. ఆ 20 కిలోమీటర్లు ఇంచుమించు ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగంత దూరం!

సరే, ప్రాణం దక్కిందనుకోండి. అసలు పరీక్ష అప్పుడే మొదలు. ఊండ్ సర్టిఫికెట్, అంటే గాయాల ధ్రువపత్రం కావాలి. గుర్తుకు పుట్టుమచ్చలు చూపాలి, గాయం కొలతలు సెంటీమీటర్లలో ఎక్కాలి. చివర్లో ‘సింపులా (మామూలు గాయమా), గ్రీవియసా (తీవ్ర గాయమా)’ అన్న ఒక్క మాట మీదే కేసు బరువు. ఎముక విరిగితే గ్రీవియస్. విరక్కపోతే? మిగతా దారుల్లో ఒకటి నొప్పి: పాత ఐపీసీ ప్రకారం తీవ్రమైన నొప్పి 20 రోజులుండాలి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత దాన్ని 15కు దించింది. నొప్పికి ఐదు రోజులు తగ్గించిన చట్టం, సర్టిఫికెట్ కోసం తిరిగే రోజుల లెక్క మాత్రం మర్చిపోయింది.

‘ఎక్స్‌రే రిపోర్టు రాలేదు’ అంటుంది ఆసుపత్రి. ‘సర్టిఫికెట్ రాలేదు’ అంటుంది స్టేషన్. ‘చార్జిషీటు రాలేదు’ అంటారు ఇన్సూరెన్సోళ్లు. ఇంతమందిలో ఠంచనుగా వచ్చేది ఊతకర్రతో కుంటుకుంటా బాధితుడొక్కడే!