వెనక నుంచి తీసిన ఫొటో

మా ఊరి వాట్సాప్ గ్రూపులో రెండు వందల ముప్పై మంది జడ్జిలున్నారు. కోర్టు పొద్దున్నే గులాబీ పువ్వుతో, శుభోదయంతో మొదలవుతుంది. చాయ్ చల్లారేలోగా తీర్పులొచ్చేస్తాయి. వకీళ్లుండరు, వాయిదాలుండవు. ముద్దాయి గ్రూపులోనే ఉండడు గనక ఎదురువాదన అన్న పీడే లేదు.

మొన్న ఒక ఫొటో పడింది. నెత్తిన మూట, చేతిలో సంచి, వెనక నుంచి తీసింది. కింద ఒకటే ముక్క: 'ఎవడో కొత్త మొకం.' ఆ మొకం మాత్రం ఫొటోలో లేదు. అయినా విచారణ ఆగలేదు. ఒకాయన మూట కొలత చూసి 'ఐదేండ్ల పిల్ల పడుతది' అని లెక్కగట్టాడు. ఇంకొకాయన చెప్పులు జూమ్ చేసి 'మన దిక్కువి కావన్నా' అని తేల్చాడు. అవి గద్వాల బస్టాండు దగ్గర అమ్మేవే, నా కాళ్లకూ అవే ఉన్నాయి. గ్రూపులో ఆ సంగతి రాయలేదు. రాస్తే ముఠాలో నన్నూ కలిపేవారు. దుబాయి నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు: 'పట్టుకోండ్రి, ఇడిసిపెట్టకుండ్రి!' ఊరి భద్రత మీద ఊళ్లో లేనోళ్లకున్నంత పట్టింపు ఉన్నోళ్లకుండదు. టపటపా బొటనవేళ్లు లేచాయి.

'ఏ ఊరు మీది?' అని అడిగినవాడు ఒక్కడు లేడు. పాలమూరు బస్సులో పక్కసీటాయన కూర్చోకముందే అడిగే మాట అది. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేస్తే అక్కడికి తట్టాపారా పట్టుకుని పోయినోళ్లం, బొంబాయి బస్సెక్కినోళ్లం మనమే. పోయిన ప్రతిచోటా నెత్తిన మూటతో దిగిన కొత్త మొకాలు మన తాతలే. వాళ్ల కాలంలో ఫోన్లకు కెమెరాలు లేవు, బతికిపోయారు.

మన మీద ఎవరైనా చూడకుండా తీర్పిస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒకాయన రాస్తే, మా గద్వాల సీమ మనిషి సురవరం ప్రతాపరెడ్డి 354 మందిని వెతికి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. ఆ పేరు చెప్పుకుని ఇప్పటికీ రొమ్ము విరుస్తాం. వెతికే పని మాత్రం ఆయనతోనే సరి.

2018 ఎండాకాలం గుర్తుందా? పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకపోతోంది అని ఎక్కడెక్కడివో వీడియోలు తిరిగాయి. ఆరుబయట మంచాలేసుకునే పల్లెలు ఆ ఉక్కలో తలుపులు బిగించుకున్నాయి. అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరా తిప్పి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అబద్ధాన్ని అబద్ధమని చెప్పించారు. గద్వాల, వనపర్తి జిల్లాల్లో ప్రాణం పోలేదు. అదే మే నెలలో, పాత నల్లగొండ జిల్లాలోని బీబీనగర్ మండలంలో, చుట్టాలింటికొచ్చిన ఆటోడ్రైవర్‌ను కొట్టి చంపారు. జూలైలో వాట్సాప్ వాళ్లు ఒక మెసేజ్‌ను ఒక్కసారికి ఐదు చాట్లకే పంపేలా కట్టడి పెట్టారు. మావాళ్లు కుంగిపోలేదు. ఐదేసి చొప్పున, ఓపిగ్గా పంపుతున్నారు.

మూట సంగతికొస్తే, కట్టెలు పట్టుకుని పదిమంది చుట్టుముట్టేసరికి ఆయన రచ్చకట్ట మీద దాన్ని విప్పి కూర్చున్నాడు. సోలాపూర్ దుప్పట్లు. ఫోన్ లేని మా పక్కింటి అవ్వ అడ్డమొచ్చింది.

'గాయనది రాయచూరు. ముగ్గురు ఆడపిల్లలు. పోయినేడు దుప్పటికి నేనే మూడొందలు బాకీ ఉన్న. కొడితే కొట్టుండ్రి, నాకు బాకీ తప్పుతది.'

కట్టెలు దిగాయి. గ్రూపులో ఫొటో డిలీటయింది. తప్పయిందని ఎవరూ రాయలేదు. అడ్మిన్ మాత్రం రెండు దుప్పట్లు తీసుకున్నాడు, ఉద్దెరకు.