ఫార్మాట్ కొట్టేద్దామండి

మొన్న వానల్లో మా ఇంటి కంప్యూటర్‌కి చూపు పోయింది. మాట మాత్రం ఉంది. స్విచ్ నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, ముందున్న లైటు వెలుగుతుంది, తెర నల్లగా అలాగే ఉంటుంది, లోపల్నుంచి మాత్రం కూ... కూ... కూ... అని పొడుగ్గా, ఆగకుండా ఒకటే కూత. కాకినాడలో ఉప్పుగాలికి తుప్పు పట్టనిదంటూ ఏదీ ఉండదు కాబట్టి నాకో అనుమానం ఉంది. అయినా వైద్యుడు వైద్యుడే కదా అని ఫోన్ చేశాను.

కుర్రాడొచ్చాడు. చెప్పులు విప్పాడు, మంచినీళ్ళు తాగాడు, కంప్యూటర్ వైపు ఓసారి చూశాడు. పెట్టె మూత తీయలేదు. పక్కన కూర్చోనైనా కూర్చోలేదు.

"విండోస్ కరప్టయిందండి. ఫార్మాట్ కొట్టేద్దామండి."

"మరి ఆ కూత?"

"ఆయ్, అది మామూలేనండి."

ఇంకా లేవని విండోస్ ఎలా చెడిపోయిందో నాకు అర్థం కాలేదు. అల్లుడింకా బస్సు దిగనేలేదు, వంటింట్లో గారెలు తగ్గాయని అతగాడి మీద నింద. స్విచ్ నొక్కగానే ముందు లేచేది పెట్టెకి కరెంటు పంచే ఎస్ఎంపీఎస్. 12, 5, 3.3 ఓల్టులు మూడూ సరిగ్గా ఉన్నాయని చూసుకుని, కరెంటు బాగానే ఉంది కానిమ్మని బోర్డుకి కబురు పెడుతుంది. అప్పుడు ప్రాసెసర్ కళ్ళు నులుముకుని బయోస్ చిప్‌లో రాసి ఉన్నది చదువుకుంటుంది. ర్యామ్ ఉందా, డిస్‌ప్లే ఉందా, కీబోర్డుందా అని ఇల్లంతా చూసుకుంటుంది. దీన్ని పోస్ట్ అంటారు. 1981లో ఐబీఎం పీసీ వచ్చిననాటి నుంచీ ఉన్న ఆచారమే. ఇవన్నీ కుదిరాకే డిస్క్ దగ్గరికెళ్ళి విండోస్‌ని తట్టి లేపుతుంది. తెర వెలగకముందే బండి ఆగిపోయిందంటే విండోస్‌కి ఆ సంగతే తెలీదన్నమాట. పాపం నిద్రలో ఉన్నవాణ్ణి పట్టుకుని తల గొరిగిస్తామంటున్నాడు మావాడు.

పైగా తెర లేనప్పుడు తన బాధ చెప్పుకోవడానికే ఆ యంత్రానికి కూత పెట్టారు. ఛందస్సు చదువుకున్నవాళ్ళకి ఇది మంచినీళ్ళ ప్రాయం. ఒక గురువు, రెండు లఘువులు, అంటే భగణం మోగిందనుకోండి, చాలా బోర్డుల్లో డిస్‌ప్లే కార్డు దగ్గర తేడా. ఆగకుండా గురువులే మోగుతుంటే ఎక్కువగా ర్యామ్. బయోస్ చేసే కంపెనీని బట్టి గణాలు కాస్త మారతాయి, ఏది ఏమిటో బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం ఎక్కడుందని మాత్రం అడక్కండి, ప్రతి ఇంట్లోనూ అది కొన్న రోజే అట్టపెట్టెతో పాటు అటకెక్కింది. కొత్త బోర్డుల్లో చాలావాటికి ఈ కూత కూడా లేదు. కొన్నిటికి బదులుగా సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలు పెట్టారు. ఏ దీపం ఆరకుండా ఉంటే జబ్బు అక్కడ. మన ఊళ్ళలో పెట్టె మొత్తాన్నీ సీపీయూ అంటాం కాబట్టి సీపీయూ దీపం వెలిగితే ఏం అర్థం చేసుకుంటామో నేను చెప్పలేను.

ఇంత శ్రద్ధగా రోగి తన రోగం తానే చెబుతుంటే వినేవాడు లేడు. కూత పెట్టినా ఫార్మాటే, కూత పెట్టకపోయినా ఫార్మాటే. స్లో అయిందా, ఫార్మాట్. ప్రింటర్ కాగితం మింగిందా, అదీ ఫార్మాటే.

తెలిసినాయన ఒకరి కంప్యూటర్‌లో రోజూ పొద్దున్నే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయేది. తేదీ తప్పయితే సురక్షితమైన సైట్లేవీ తెరుచుకోవు, ఎందుకంటే వాటి సర్టిఫికెట్లకి మొదలూ చివరా తేదీలుంటాయి. కంప్యూటర్ దృష్టిలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదు. పాపం ఆదాయపు పన్ను రిటర్ను వేయబోతే "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అంది. వైరస్సన్నారు, ఫార్మాట్ కొట్టారు. ఆ రాత్రి ప్లగ్గు తీసి పడుకున్నాడు. తెల్లారేసరికి తేదీ మళ్ళీ వెనక్కి. మళ్ళీ కొట్టారు. మూడోసారికి ఆయన ఇంట్లో కూరల త్రాసు పనిచేయడం మానేస్తే అందులో బిళ్ళ మార్చాడు. అచ్చం అలాంటి బిళ్ళే, సీఆర్2032, రూపాయి కాసంత ఉంటుంది, 3 ఓల్టులు, మదర్‌బోర్డు మీద కూడా ఒకటి ఉంటుందని అప్పుడెవరో చెప్పారు. ప్లగ్గు తీసినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. విండోస్‌ని మూడుసార్లు చంపి బతికించినా అది బతకదు కదా.

ఇంకో రకం ఉంది, ఇది నాకు మరీ ఇష్టం. ఆన్ చేసిన పావుగంటకి కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది. ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము పరుపులా పట్టి, కింద పేస్టు ఎండి పెచ్చులైతే వేడి పోయే దారి ఉండదు. దాదాపు 100 డిగ్రీలు చేరేసరికి కాలిపోకుండా తానే కరెంటు తీసేసుకుంటుంది. దీనికీ మందు ఫార్మాటే. ఫార్మాట్ సగంలో ఉండగా పావుగంట అయిపోతుంది, పెట్టె ఆగిపోతుంది. అంతవరకు ఒక జబ్బు, ఇప్పుడు రెండు. "చూశారా, డిస్క్ కూడా పోయిందండి" అంటాడు, ముందే చెప్పాను కదా అన్నట్టు.

నవ్వుకుంటే నవ్వుకోవచ్చు గానీ మా పేటలో డీటీపీ చేసే ఆయన దగ్గర నవ్వకండి. పెళ్ళి కార్డులు, చందా బుక్కులు, పదేళ్ళ పని డెస్క్‌టాప్ మీదే పెట్టుకున్నాడు. డెస్క్‌టాప్ అంటే కళ్ళెదురుగా ఉంటుంది కాబట్టి భద్రంగా ఉందనుకుంటాం. నిజానికది సీ డ్రైవ్‌లో ఒక మూల. ఫార్మాట్ కొట్టేది అక్కడే. కొట్టేముందు కుర్రాడు అడిగాడట, "సీలో ఏమైనా ఉందాండి?" అని. "సీలో ఏం లేదు, అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి" అన్నాడట ఈయన. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మామూలు ఫార్మాట్‌లో ముందు చెరిగేది విషయసూచికే, పాత హార్డ్ డిస్కయితే లోపలి పేజీలు అలాగే ఉంటాయి, వెంటనే ఆపితే చాలావరకు వెనక్కి లాగొచ్చు. కానీ ఆపరు, ఆ పేజీల మీదే కొత్త విండోస్ పరుస్తారు. ఎస్ఎస్‌డీ అయితే ఆ ఆశ కూడా దాదాపు లేనట్టే. చెరిపేసిన జాగాని అదే ఖాళీ చేసి పెట్టుకుంటుంది.

2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ దెబ్బకి ప్రపంచమంతా తెరలు నీలంగా మారాయి. 85 లక్షల విండోస్ యంత్రాలు పడ్డాయని మైక్రోసాఫ్ట్ లెక్క. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఇంతా చేసి మందేమిటి? సేఫ్ మోడ్‌లో తెరిచి ఒకే ఒక్క ఫైలు తీసేయడం. యంత్రం యంత్రం దగ్గరికీ మనిషి వెళ్ళి చేయాల్సి వచ్చింది గనక రోజులు పట్టింది, అంతే. ఆ వేళ మా కుర్రాణ్ణి పిలవకపోవడం ప్రయాణికుల అదృష్టం. విమానాలు కూడా ఫార్మాట్ కొట్టేవాడు.

ఇక ఇళ్ళల్లో రెండో వైద్యుడు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మేనల్లుడు. పండక్కొచ్చి అరిసె నోట్లో పెట్టుకోకముందే "ఒరే, నువ్వు కంప్యూటర్లే కదా, ఇదోసారి చూడరా" అని పెట్టె ముందు కూర్చోబెడతాం. వాడు రాసేది ఏదో బ్యాంకు లెక్కల ప్రోగ్రాం. ఎస్ఎంపీఎస్‌ని వాడు జన్మలో ముట్టుకోలేదు. పరువు పోతుందని వాడూ అదే మాటంటాడు: "మామయ్యా, ఫార్మాట్ చేసేయడం బెటర్."

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. వైరస్ నిజంగా ఇల్లంతా పాకిపోతే తుడిచేసి కొత్తగా వేయడమే దారి. అయితే ఆ కొత్తదేదో ఎక్కడిది? కుర్రాడి మెడలో తాళిబొట్టులా వేలాడే పెన్‌డ్రైవ్‌లోది. దొంగ విండోస్, దాన్ని ఒప్పించడానికో క్రాక్, ఆ క్రాక్ నడవడానికి యాంటీవైరస్ ఆపేయాలి, అప్‌డేట్లూ ఆపేయాలి. దొంగ పడ్డ ఇంటికి తలుపులు మార్చి తాళంచెవి దొంగకే ఇచ్చి రావడం.

కుర్రాణ్ణే అంటే పాపం తగులుతుంది. మనం ఇచ్చేది దేనికి? మూత తెరిచి, దుమ్ము దులిపి, బిళ్ళ మార్చి, పది నిమిషాల్లో బాగుచేసి 500 అడిగాడనుకోండి, "స్క్రూ తిప్పినందుకు ఐదొందలా?" అంటాం. అదే గంటసేపు తెర మీద శాతాలు పాకుతూ, మధ్యలో రెండుసార్లు ఆగి వెలిగి, అప్పుడు "వెల్‌కమ్" అని వస్తే చేతిలో పెట్టి టీ కూడా పోస్తాం. మనకి కావాల్సింది వైద్యం కాదు, హోమం. వాడు పొగ బాగా వేయడం నేర్చుకున్నాడు.

సరే, మా ఇంటి సంగతి. "ఫార్మాట్ ఎలాగూ కొడతావు గానీ, ముందు నా సరదా తీర్చు బాబూ" అని ప్లగ్గు పీకేసి, స్విచ్ ఓసారి నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చి, ఇనుప పెట్టెని ముట్టుకుని, మూత తీశాను. ర్యామ్‌కి రెండు పక్కలా ఉన్న చెవులు వంచితే టక్కున పైకి లేచింది. కింద బంగారు పళ్ళ వరసలో రెండు మూడు గారపట్టి ఉన్నాయి. మా అమ్మాయి డబ్బాలోంచి పెన్సిల్ రబ్బరు అడిగి తెచ్చాను. రెండు వైపులా మెల్లగా రుద్ది, పొట్టు ఊది, మళ్ళీ గాడిలో పెట్టి రెండు చివర్లూ నొక్కితే చెవులు వాటంతటవే మూసుకున్నాయి. ప్లగ్గు పెట్టి స్విచ్ నొక్కాను. ఒక్కటంటే ఒక్క లఘువు. తెర వెలిగింది.

కుర్రాడు చాలాసేపు చూశాడు. "బాగానే ఉందండి... ఎందుకైనా మంచిది, ఓసారి కొట్టేద్దామాండి?" అన్నాడు. వద్దన్నాను. వచ్చినందుకు 300 ఇచ్చి బిల్లు రాయమన్నాను. పుస్తకం తీసి కాస్త తటపటాయించి, అచ్చువేసి ఉన్న గడిలో టిక్కు పెట్టి ఇచ్చాడు: "ఓఎస్ ఇన్‌స్టలేషన్". రబ్బరుకి ఆ పుస్తకంలో గడి లేదట.